విమానమెక్కే తుపాకులు

మన విమానాశ్రయాల్లో తుపాకీ అన్న మాట పైకి అంటే చాలు, పక్కనున్నవాళ్ళు బిత్తరపోయి చూస్తారు. అలాస్కాలోని ఆంకరేజి విమానాశ్రయంలో, సామానులో తుపాకీ ఉన్నవాడు ఆ మాట చెప్పకపోతేనే నేరం.

సెప్టెంబరులో అక్కా బావగార్ల దగ్గర కొద్దిరోజులుండి వద్దామని ఆ ఊరు వెళ్ళాను. అది వేటల కాలం. అక్కడ మూసు అనే దుప్పిజాతి జంతువు ఉంది. మన గేదెకంటే ఎత్తు. పోతుకొమ్ములు చేటల్లా విచ్చుకుని ఉంటాయి. దానికోసం అమెరికా నలుమూలల నుంచీ జనం దిగుతారు. విమానాశ్రయంలో ఎటు చూచినా పొడుగాటి గట్టి పెట్టెలే. వీణలు కాబోలు అనుకుందామంటే, వీణ అంత సన్నగా ఉండదాయె!

"వాటిలో ఏమున్నదో వాళ్ళే చెబుతారు, చూస్తూండవోయ్. చెప్పడమే ఇక్కడి రూలు," అన్నారు బావగారు.

ఇంతలో వరసలోని ఒక ముసలాయన కవుంటరు దగ్గరకు వెళ్ళి, అరసేరు పాలు పొయ్యమన్నంత మామూలుగా, తన పెట్టెలో రైఫిలు ఉన్నదని చెప్పాడు. ఆ అమ్మాయి ఉలిక్కిపడలేదు. ఒక కార్డు అందించింది. తుపాకీలో తూటాలు లేవని దానిమీద సంతకం చేసి, పెట్టెలో ఉంచి, తాళం వేశాడు. తాళంచెవి ఆయన జేబులోకే పోయింది.

నాకు వింతగా తోచింది ఆ తాళంచెవి సంగతే. గట్టి పెట్టె ఉండాలి, దానికి తాళం ఉండాలి, చెవి మాత్రం ప్రయాణీకుడి దగ్గరే ఉండాలని అక్కడి నిబంధన. తనిఖీవారికి అనుమానం వస్తే ఆయన్నే పిలిపిస్తారు. అందుకే పెట్టె లోపలికి పోయాక కూడా వేటగాళ్ళు కాసేపు అక్కడే తచ్చాడుతూ ఉంటారు. తూటాలను వాటికోసం చేసిన డబ్బాల్లో సర్దాలి. చాలా విమాన కంపెనీలు 5 కిలోలు మించనివ్వవు. పైన ప్రయాణీకుల మధ్యకు మాత్రం తుపాకీ గాని, తూటా గాని రాకూడదు.

అయినా వస్తూనే ఉన్నాయి. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీలో ప్రయాణీకుల దగ్గర 6,737 తుపాకులు దొరికాయి. నూటికి 93 తూటాలతో సహా! సంచీలో ఉన్న సంగతి మరిచిపోయామంటారట చాలామంది. గొడుగు మరిచిపోవచ్చు, కళ్ళజోడు మరిచిపోవచ్చు. నిండు తుపాకీని మరవడమేమిటో నాకు బోధపడదు. ముసలాయన తాళం పెట్టెను చూచి నాకు భయం కలగలేదు. పక్క వరసలో కదులుతున్న చేతిసంచులను చూస్తేనే గుండె దడదడలాడింది.

వింటికి ఇన్ని తంటాలు లేవు. సామానుతో పంపితే చాలు, ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. బాణపు మొనలకు మాత్రం తొడుగులుండాలి, మోసేవారి చేతులు తెగకుండా. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన కాంపౌండు విల్లుతో అక్కడ వేటలూ సాగుతాయి. దాని కొసల్లో చక్రాలుంటాయి, నారి ఎప్పుడూ బిగిసే ఉంటుంది. జమ్మిచెట్టెక్కించే ముందు పాండవులు విప్పినట్టు చేత్తో విప్పడం కుదరదు, దానికొక యంత్రం కావాలి. ప్రయాణంలో కుదుపులకు గురి చెడుతుందేమోనని, దిగగానే రైఫిలువారూ వింటివారూ కూడా ముందు అట్టబొమ్మమీద కొట్టి చూచుకుంటారు.

మరో విడ్డూరం. ఎలుగుబంటి మీదపడితే చల్లడానికి మిరపఘాటు డబ్బా ఒకటి ఉంది. దాన్ని పైకీ రానివ్వరు, సామానులోనూ వెయ్యనివ్వరు. తుపాకీ విమానమెక్కవచ్చు గాని మిరపకారం ఎక్కరాదు! మూసి ఉన్న విమానంలో అది కారితే పైలటు కళ్ళ గతేమిటి? గుంటూరువారికి వేరే చెప్పనక్కరలేదు.

విమానాశ్రయం పక్కనే హుడ్ సరస్సు. నీటిమీద వాలే చిన్న విమానాలు అక్కడినుంచి దారీతెన్నూ లేని అడవులకు వేటగాళ్ళను మోసుకుపోతాయి. అలా ఎగిరినవాడు మర్నాడు తెల్లవారుజాము 3 గంటలు దాటేవరకూ మూసువంటి పెద్ద జంతువును కొట్టకూడదు. పైనుంచి చూచి, దిగి, కాల్చడం వేట కాదని చట్టం తాత్పర్యం. పెద్ద విమానంలో టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవారికి ఈ కట్టు లేదు.

మన దేశంలో వన్యప్రాణి చట్టంతో వేట వినోదం ముగిసింది. అది ముగియడమే మంచిదనే పక్షంవాణ్ణి నేను. అయితే అలాస్కాలో మరో నియమం విని కొంత మెత్తబడ్డాను. చంపిన మూసులో తినదగ్గ మాంసమంతా బయటికి తేవాలి. మాంసం కదలకముందు కొమ్ములు అడవి దాటకూడదు. గోడకు కొమ్ములు కావాలంటే ముందు మాంసం మోయవలసిందే.

నేను తిరిగి బయలుదేరిన నాడు తూకం దగ్గర ఒక తండ్రీ కొడుకూ తంటాలు పడుతున్నారు. గడ్డకట్టిన మాంసం పెట్టె 50 పౌండ్లు దాటింది. పక్కనే మొనలకు అట్టముక్కలు చుట్టిన కొమ్ములు. కుర్రవాడు రెండు పొట్లాలు తీసి, ఎక్కడ సర్దాలో తోచక, చేతులు కొంకర్లు పోతున్నా పట్టుకుని నిలబడ్డాడు.