చార్జింగులో ఉన్న ఫోను

పగలంతా పనిచేసి, రాత్రి ఫోనులో పాఠాలు వినేవారు మీలో చాలామంది ఉంటారు. అప్పటికి బ్యాటరీ అడుగంటుతుంది. వైరు తగిలించి పాఠం వినవచ్చా? వినవచ్చు. నేనూ అలాగే వింటాను.

లోపల ఏం జరుగుతుందో గమనించండి. చార్జరు నుంచి వచ్చే కరెంటు రెండు పాయలవుతుంది. ఒకటి ఫోనును నడుపుతుంది, మిగిలింది బ్యాటరీలోకి పోతుంది. ఈ పంపకాన్ని ఫోనులోని చిన్న సర్క్యూటు చూసుకుంటుంది. సాధారణంగా లిథియం అయాన్ బ్యాటరీ సుమారు 4.2 వోల్టులకు చేరాక, అందులోకి పోయే కరెంటు క్రమంగా తగ్గుతుంది. బాగా తగ్గినప్పుడు, బ్యాటరీ నిండిందని సర్క్యూటు గ్రహించి చార్జింగు ఆపుతుంది. కొన్ని చవక పరికరాలలో ఈ పంపకం ఉండదు. పరికరం వాడే కరెంటు కూడా బ్యాటరీలోకే పోతున్నట్లు లెక్కకు వస్తుంది. ఆపవలసిన సమయం తెలియదు.

మంచి ఫోనుకైనా వేడి పనికిరాదు. చార్జింగు వేడికి తెర వేడి తోడైతే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే నేను తెర ఆపి, కవరు తీసి, ఫోనును బల్లమీద పెట్టి వింటాను. దిండు కింద ఎన్నడూ పెట్టను. చార్జింగు పూర్తిగా అయిపోయేదాకా ఆగాలనేది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలపు మాట. మీరు ఆగనక్కరలేదు.

బ్యాటరీ ఉబ్బి ఫోను వెనుక మూత లేచిందా? రేపే పరీక్ష అయినా సరే, చార్జింగు పెట్టకండి. దానిని నొక్కకండి, గుచ్చకండి. మరమ్మతు తెలిసినవారికి చూపించండి.