కావేరి ఒండ్రు తెలిసిన చేతులు

ఈసారి కబుర్లు ఇసుకతో మొదలుపెడదాం. ఇసుక, బురద, ఒండ్రు. పాత తమిళుల పనితనం అనగానే మీకు తంజావూరు పెద్దగుడి గుర్తొస్తుంది, నాకు తెలుసు. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన గుడి అది. రాయి పుట్టని నేల మీద, ఎక్కడినుంచో మోసుకొచ్చిన రాళ్ళతో 200 అడుగులకు పైగా లేపిన విమానం. ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే రాయిని లేపినవాళ్ళకి చేతులెత్తి మొక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇసుకతో కాపురం చేసి, దాని గుణం పట్టుకుని, దానితోనే పని చేయించుకున్నవాళ్ళ గురించి చెప్పుకునేది తక్కువ. నాకు వాళ్ళంటే ఎక్కువ ఇష్టం. నేను గోదావరి డెల్టా మనిషిని కాబట్టి ఆ ఇష్టానికి ఇంకో కారణం కూడా ఉంది. అది కాసేపట్లో చెబుతాను.

తిరుచిరాపల్లికి ఎగువన ముక్కొంబు దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం, దక్షిణపు పాయ కావేరి. రెంటి మధ్య దీవిలో శ్రీరంగం. దీవి దిగువ కొసకి వచ్చేసరికి రెండు పాయలూ మళ్ళీ దగ్గరపడతాయి. చిక్కంతా అక్కడే ఉంది. కొల్లిడం అడుగు పల్లంగా ఉంటుంది, కావేరి అడుగు దానికంటే ఎత్తు. నీరు పల్లమెరుగు కదా, కావేరి నీళ్ళు గట్టు దాటి కొల్లిడంలోకి జారిపోయి, తిన్నగా సముద్రానికి పోతాయి. తంజావూరు పొలాలు ఎండిపోతాయి. వరదొస్తే కథ తిరగబడుతుంది, అవే పొలాలు మునుగుతాయి.

కల్లణై అనే పాత రాతి ఆనకట్ట కట్టింది ఇక్కడే. నది గొంతుకు అడ్డంగా గోడ పెట్టి నీళ్ళన్నీ నిలబెట్టుకుందామనుకుంటే మొదటి వరదకే కొట్టుకుపోయేది. వాళ్ళు అలా చేయలేదు. కావేరి జారిపోయే పక్కనే కట్ట వేశారు. మామూలు నీళ్ళు కావేరిలోనే సాగి పొలాలకు పోతాయి. వరద నీళ్ళు కట్ట మీదుగా పొర్లి కొల్లిడంలోకి దిగిపోతాయి. నదికి ఉన్న రెండు దారుల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో చూసుకుని, ఆ మలుపు దగ్గర మాత్రం చెయ్యి వేశారు.

మరి పునాది సంగతి? ఎంత తవ్వినా ఇసుకే తగిలే నది అది. గట్టి నేల అందదు. సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో నిలబడితే అల వెనక్కి పోతూ మడమ కింద ఇసుక లాగేస్తుంది, మనం కొంచెం కొంచెం దిగబడతాం, ఒక లోతుకి వెళ్ళాక దిగడం ఆగుతుంది. కల్లణై కిటుకు అదే. పెద్ద పెద్ద బండరాళ్ళు నదిలో వేశారు. ప్రవాహం రాయి కింద ఇసుకను కోసేస్తుంటే రాయి దిగింది. దాని మీద ఇంకో రాయి. అదీ దిగింది. అలా వేస్తూ పోతే, నీటి కోత ఇక అందని లోతులో కింది రాళ్ళు కుదురుకున్నాయి. అక్కడినుంచి పైకి రాయీ బంకమట్టీ కలిపి కట్టుకొచ్చి, నీరు కోసుకుపోకుండా పైన రాతి కప్పు వేశారు. పునాది తవ్వే పని మనుషులు చేయలేదు, నది చేత చేయించారు. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

కట్ట పొడవు సుమారు 1,080 అడుగులు. తిన్నగా ఉండదు, పాములా మెలికలు తిరిగి ఉంటుంది. ఇవాళ మనం వెళ్ళి చూసేదంతా పాతదేనని అనుకోకండి. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు ఇంజనీర్లు ఎత్తు పెంచారు, ఇసుక పోవడానికి తూములు పెట్టారు, పైన వంతెన కట్టారు. వాటన్నిటి అడుగున ఉన్న ఆ రాళ్ళ కట్టనే కరికాల చోళుడిదని తమిళులు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. క్రీస్తు శకం తొలి శతాబ్దాల రాజు ఆయన.

ఈ కరికాలుడు మనకు పరాయివాడేమీ కాదు. కడప జిల్లా మాలేపాడులో దొరికిన రాగిశాసనం ఒకటుంది. రేనాటి చోళుడు పుణ్యకుమారుడు వేయించినది. తాను కరికాలుడి వంశం వాడినని చెప్పుకుంటూ, గట్లు దాటి పొర్లే కావేరిని అదుపు చేసిన ఘనత ఆ పూర్వీకుడిదని అందులో చెక్కించుకున్నాడు. యుద్ధాల్లో గెలిచిన రాజులు ఎందరో ఉంటారు. వంశానికి గొప్ప తెచ్చే పనుల్లో ఏటిగట్టును కూడా లెక్కపెట్టిన రాజవంశం మన సీమలో ఉండేదంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు గోదావరి మాట. 19వ శతాబ్దం మొదట్లో కావేరి పాయ ఇసుక మేటలు వేసి, నీళ్ళన్నీ కొల్లిడం పట్టసాగాయి. తంజావూరు సాగు దెబ్బతింది. ఆ తగువు తీర్చమని పంపిన యువ ఇంజనీరు ఆర్థర్ కాటన్. ఆయన 1836లో కొల్లిడం మీద ఎగువన ముక్కొంబు దగ్గర ఒకటి, దిగువన అణైక్కరై దగ్గర ఒకటి, రెండు ఆనకట్టలు కట్టాడు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో కల్లణై కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాశాడు. తర్వాత ఆ విద్య మూటగట్టుకుని గోదావరికి వచ్చాడు. నందన కరువు, ఆ వెనక తుఫానులు మన జిల్లాలను పీల్చి పిప్పి చేసిన రోజులవి. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి పూర్తయింది. ఇసుకలోకి దించిన బావుల మీద కట్టడం, దాని దిగువన నీటి కోతకు అడ్డంగా పరిచిన బండరాళ్ళు. వీణెం వీరన్న వంటి మన తెలుగు మనిషి ఆ పనిలో కాటన్ పక్కన నిలబడ్డాడు. కోనసీమలో కాటన్ విగ్రహం లేని ఊరు అరుదు. దండ వేసినప్పుడు ఆ పేరు తెలియని తమిళ పనివాళ్ళకీ ఒక పువ్వు చెందాలని నా కోరిక. మా ఇళ్ళలో ఉడికిన అన్నంలో వాళ్ళ వంతు ఉంది.

నది సంగతి అలా ఉంచి చెరువుకు వద్దాం. చెరువుకు పెద్ద శత్రువు పూడిక. ప్రతి వానకీ వచ్చే నీళ్ళతోపాటు మట్టి వస్తుంది, మేట వేస్తుంది, కొన్నేళ్ళకి చెరువు గిన్నె కాస్తా పళ్ళెమవుతుంది. పాత తమిళ చెరువుల్లో దీనికో ఉపాయం ఉంది. గట్టుకు కొంచెం దూరంగా, చెరువు లోపలే రాతి తొట్టి ఒకటి కడతారు. దాని మూతబండకు పెద్ద రంధ్రం, ఆ రంధ్రానికి రాతి బిరడా. రెండు రాతి స్తంభాల మధ్యనుంచి కర్రతో ఆ బిరడాను ఎత్తుతారు, దించుతారు. తొట్టి పక్క గోడల్లో, బురద మట్టానికి, చిన్న రంధ్రాలు కూడా ఉంటాయి. బిరడా ఎత్తగానే పైనుంచి తేట నీరు సుడి తిరుగుతూ లోపలికి దూకుతుంది. ఆ ఊపుకి కింది రంధ్రాల్లోంచి బురద కూడా లాక్కుని వస్తుంది. రెండూ కలిసి గట్టు కింద కాలువలోంచి పొలాలకు పోతాయి. నీళ్ళు పెట్టిన ప్రతిసారీ చెరువు కాస్త శుభ్రపడుతుంది, పొలానికి ఎరువులాంటి ఒండ్రు దక్కుతుంది. పూడిక తీయడం అనే పని నీళ్ళు పెట్టడంలోనే ఇమిడిపోయింది. ఇలా రెండు రాతి స్తంభాలున్న తూములు మన రాయలసీమ పాత చెరువుల్లోనూ కనిపిస్తాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాటిని చూసుకోండి.

తూము ఎంత బాగున్నా, ఎవరూ పట్టించుకోకపోతే చెరువు చెరువుగా ఉండదు. కాంచీపురానికి దగ్గర్లో ఉత్తరమేరూరు అనే ఊరుంది. అక్కడి గుడి గోడల మీద మొదటి పరాంతక చోళుడి కాలపు శాసనాలు, 919, 921 నాటివి, ఊరి సభ ఎలా నడవాలో వివరంగా చెబుతాయి. ఊరిని 30 వాడలుగా విడదీశారు. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసేవాళ్ళు, పసిపిల్లవాడి చేత తీయించేవాళ్ళు. అలా తేలినవాళ్ళలో 6 మంది చెరువు సంఘం. పదవి 360 రోజులు. అంతకుముందు మూడేళ్ళలోపు పదవి చేసినవాళ్ళు పనికిరారు. లెక్కలు చెప్పనివాడు జన్మలో పనికిరాడు, వాడి దగ్గర బంధువులు కూడా పనికిరారు. ఈ నియమం చదివినప్పుడల్లా మా కాలువల మీద జరిగే రకరకాల పనులు గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది. అలాగని ఆ సభను ఆకాశానికి ఎత్తేయను. సొంత భూమి, సొంత ఇల్లు, వేదం చదువు ఉన్న మగవాళ్ళకే ఆ కుండలో చోటు. చెరువు తవ్వి బురద మోసినవాళ్ళ పేర్లు ఏ తాటాకు మీదా లేవు. అది కూడా ఆ గోడ మీది నిజమే.

ఆ పరాంతకుడి కాలంలోనే వీరనారాయణ చెరువు, ఇప్పటి వీరాణం, కడలూరు జిల్లాలో వెలసింది. కాటన్ దిగువ ఆనకట్ట దగ్గర కొల్లిడంలోంచి మళ్ళించిన నీళ్ళు వడవారు అనే కాలువ గుండా ఆ చెరువుకు చేరతాయి. 2004 నుంచి అక్కడి నీరు గొట్టాల్లో 200 కిలోమీటర్లు దాటి చెన్నైకి పోతోంది. చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ళు కొళాయి తిప్పినప్పుడు పదో శతాబ్దపు చెరువు నీళ్ళు చేతిలో పడుతుండవచ్చు.

ఇంకా వెనక్కి వెళితే మదురై పక్కన, వైగై ఒడ్డున కీళడి. 2015 ప్రాంతంలో మొదలైన తవ్వకాల్లో ఇటుక కట్టడాలు, నూలు వడికే కదుర్ల బిళ్ళలు, తమిళ బ్రాహ్మి గీతలున్న కుండపెంకులు బయటపడ్డాయి. అక్కడ దొరికిన ఒక నమూనాకు శాస్త్రజ్ఞులు కట్టిన కాలం క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దం. నన్ను పట్టి నిలబెట్టినవి రెండు. ఒకటి, కాల్చిన మట్టి వరల బావులు. కూలిపోయే నేలలో బావి తవ్వాలంటే వర మీద వర దించుకుంటూ పోవాలి, ఆ పని వాళ్ళకి అప్పటికే చేతనయింది. రెండోది పైకప్పు పెంకులు. వాన నీరు జారడానికి పచ్చిమట్టి మీద వేళ్ళతో గాళ్ళు లాగారు. కర్రకు కట్టుకోవడానికి రెండేసి బెజ్జాలు పెట్టారు. ఆ వేళ్ళ గుర్తులు పెంకు మీద ఇంకా ఉన్నాయి.

మట్టితో ఇనుమును లొంగదీసినవాళ్ళూ ఉన్నారు. ఈరోడ్ జిల్లాలో నొయ్యల్ ఏటి ఒడ్డున కొడుమణల్ అనే చోట ఇనుప కొలుములు, మట్టి మూసలు, రంగురాళ్ళ పూసలు చేసిన ఆనవాళ్ళు దొరికాయి. మూసల్లో ఉక్కు తీసే ఆ విద్యే మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలోనూ వర్ధిల్లింది, పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనేవాళ్ళు. అక్కడి మూసలు వరి ఊక కలిపిన మట్టివి. ఆ ఉక్కు కథ పెద్దది, దానికి ఇంకో రాత్రి కావాలి.

చివరగా మళ్ళీ కావేరి ఒండ్రు దగ్గరికే తీసుకెళతాను. కుంభకోణం పక్కన స్వామిమలై. ఇక్కడి స్థపతులు ఇప్పటికీ చోళుల నాటి పద్ధతిలోనే పంచలోహ విగ్రహాలు పోస్తున్నారు. తేనెమైనం, గుగ్గిలం, నూనె కలిపి మైనపు బొమ్మ చేస్తారు. కొలతలకు కొబ్బరాకు పేలికను మడతలు పెట్టి వాడతారు. బొమ్మ మీద మొదటి పూత కావేరి ఒండ్రుది. పిండిలా మెత్తగా ఉండే ఆ మట్టి మైనం మీది ప్రతి గీతనూ, కంటిరెప్పను కూడా, పట్టుకుంటుంది. నీడన ఆరాక పొలం మట్టీ ఇసుకా కలిపిన పూత, ఆపైన ముతక పూత. పిడకల మంటలో వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది. ఖాళీ అయిన అచ్చులోకి కరిగిన లోహం పోస్తారు. మైనం తూకాన్ని బట్టి లోహం ఎంత పడుతుందో ముందే లెక్క కడతారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే, కాబట్టి ఒక్కో అచ్చుకి ఒక్కటే విగ్రహం. పదో శతాబ్దంలో శెంబియన్ మాదేవి అనే చోళ రాణి గుళ్ళకు చేయించి ఇచ్చిన విగ్రహాల ముందు నిలబడితే, లోహపు నునుపు వెనక ఆ ఒండ్రు మెత్తదనం తెలుస్తుంది.

వెళ్ళే ఆలోచన ఉంటే జూన్ చివర్లోనో జూలైలోనో వెళ్ళండి. మామూలు ఏడాదిలో మెట్టూరు జలాశయం జూన్ 12న తెరుస్తారు, కొద్ది రోజులకి నీళ్ళు కల్లణై చేరతాయి, రైతులు పూలూ వడ్లూ చల్లి కాలువల్లోకి సాగనంపుతారు. పొద్దున్నే తిరుచిరాపల్లిలో బయలుదేరి కల్లణై చూసుకుని, తంజావూరు మీదుగా సాయంత్రానికి స్వామిమలై చేరవచ్చు. అక్కడ ఏదైనా పనిశాలలోకి వెళితే విగ్రహాల ధర అడిగే ముందు, మొదటి పూత మట్టి ఏ రేవులో తెచ్చారో అడగండి.