ముందున్న చెవులు

కుక్క గుర్రుమంటే పొగరంటారు. మా కాలూనూ అన్నారు. ఆరేళ్లుగా ఈ వాకిలి దానిది. ఈ గుమ్మం, ఈ నీడ, అమ్మీ విసిరే రొట్టె ముక్క దానివి. ఇప్పుడో పిల్ల వస్తోంది. వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం గానీ, ముందున్న చెవుల గోడు ఎవరు వింటారు?

గుర్రు పొగరు కాదు, మాట. 'దూరంగా ఉండు' అని చెప్పడం. ఆ మాటను కొట్టి అణిచామనుకోండి, భయం పోదు, హెచ్చరిక పోతుంది. ఇక మిగిలేది కాటే.

అందుకే పిల్లకు టీకాలన్నీ పూర్తయ్యాక, ఎవరి సొంతమూ కాని చెరువు గట్టు మీద కలిపాం. నాదొక తాడు, తమ్ముడిదొక తాడు. తాళ్లు వదులుగా, ఎడంగా, ఒకే దిక్కుకు నడక. రోజూ కాస్త దగ్గరగా. రాత్రి ఒకదాని గోనెపట్టా ఇంకోదాని దగ్గర పరిచాం. కుక్కకు పరిచయం ముక్కుతోనే. గిన్నెలు వేరు, మూలలు వేరు. కాలూకి పలకరింపు ఒక్కటీ తగ్గలేదు. ఒళ్లు బిగిసినా, కనుగుడ్డు తెల్లగా తిరిగినా, ఊరికే మూతి నాక్కున్నా అక్కడితో ఆగాం.

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో, ఆపరేషన్ చేసిన వీధికుక్కను పట్టిన చోటే వదలాలని రాశారు. వీధికుక్కకే ఒక చోటుందని కాగితం ఒప్పుకుంది. ఇంటికుక్కకు లేదా?

మూడు వారాలకు రెండూ బెత్తెడు దూరంలో పడుకున్నాయి. ఆ బెత్తెడు వాటిష్టం. సర్దుకుపొమ్మని ఒక్కదానికే చెప్పడం న్యాయం కాదు. వచ్చినదానికి చోటివ్వాలి, ఉన్నదాని చోటు లాక్కోకుండా.