సైకిళ్ళపై కుందేరు లోయ

నంద్యాల నుండి కర్నూలుకు బస్సులో పోయేవారికి కుందేరు ఒక వంతెన మాత్రమే. క్షణకాలం పాటు కొంత తుంగ, కొంత బురద, కొంత నీరు కంటబడతాయి. అంతటితో నది ముగిసిపోతుంది. ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన మన విద్యార్థులలో చాలమందికి ఆ నీరు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో తెలియదు. ఎర్రమల కొండలలో పుట్టి, తూర్పున నల్లమలకూ పడమట ఎర్రమలకూ నడుమ లోయ పొడవునా దక్షిణంగా సాగి, కడప జిల్లాలో కమలాపురం సమీపాన పెన్నలో కలిసే చిన్న నది యిది. దీనిని చూడవలెనంటే బస్సు దిగవలసిందే. కాలినడకకు సెలవులు చాలవు. అందుచేత సైకిళ్ళు తీశాము.

సంక్రాంతి సెలవులలో మూడు రోజులు. నాతో నలుగురు విద్యార్థులు. లారీల రద్దీని తలచుకొని పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. చీకటి పడిన తరువాత తొక్కబోమని మాటయిచ్చి అనుమతి పొందాము. పిల్లలలో ఇద్దరివి గేర్ల సైకిళ్ళు. నాది ఇరవై రెండంగుళాల మామూలు నల్ల సైకిలు. నలుగురిలో ఒకడు పదవ తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. చురుకైనవాడే కాని తెలుగు వ్రాతలో వెనుకబడ్డాడు. వచ్చే ఏడాది ద్వితీయభాషగా తెలుగు మానుకొంటానని దరఖాస్తు వ్రాసి సిద్ధంగా వుంచుకొన్నాడు. "తెలుగు మాకు పరీక్ష కోసమే గదా సార్, ఇంటి భాష కాదు గదా!" అని నాతో అన్నాడు. అందులో అమర్యాద లేదు. ఉన్నమాట చెబుతున్నాననుకొన్నాడు. నేను జవాబు చెప్పలేదు, ప్రయాణానికి రమ్మన్నాను.

మొదటి రోజు తెల్లవారక మునుపే ఉగ్గాని, బజ్జీ తిని బయలుదేరాము. కుందేరు దాటిన తరువాత పాణ్యం దాకా దారి చదునుగా వున్నట్లే కంటికి కనిపిస్తుంది. మోకాళ్ళు మాత్రం ఒప్పుకోవు. లోయ అంచు వైపు నేల కొద్దికొద్దిగా లేస్తున్నదని మాకు మొదట చెప్పినవి అవే. పాణ్యం నుండి బనగానపల్లె దారిలో ఎర్రమల కుడిచేతి వైపు తోడు వస్తుంది. నల్లమల వలె ఒకదాని వెనుక ఒకటిగా మడతలు పడిన కొండలు కావివి. ఎవరో కత్తితో పైభాగం కోసివేసినట్లు బల్లపరుపుగా వుంటాయి. చేల చుట్టూ నాపబండలను నిలువుగా పాతి దడి కట్టుకొన్నారు. ఇంటి అరుగు నాపరాయి, ఇంటి కప్పు నాపరాయి, గోరీ మీద కప్పిన బండ కూడా నాపరాయే.

ఈ రాళ్ళకు ఒక విశేషముంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతాల శిలలను గూర్చి పెద్ద గ్రంథం ప్రకటించాడు. నేడు శాస్త్రజ్ఞులు కర్నూలు శిలాసముదాయాన్ని ఆరు పొరలుగా చెబుతారు. అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైటు, దానిపై నార్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోవెలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటె పైన నంద్యాల షేలు. మా దారిలో కనిపించిన మైలురాళ్ళ మీది పేర్లలో సగం ఈ పట్టికలోనివే. భూగోళం చదివే విద్యార్థి ఒకడు ఈ సంగతి విని, ప్రతి ఊరిలోను దిగి ఒక రాయి ఏరి సంచిలో వేసుకొన్నాడు. ఆ బరువు వాని సైకిలు మీద గాక నా క్యారియర్ మీద కెక్కింది!

బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. ఆ యేడు మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయింది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మామిడి పుణ్యమా అని ఆ పేరు దేశమంతటా తెలుసు. పోతులూరి వీరబ్రహ్మంగారు పశువులను కాచిన చోటు, కాలజ్ఞానం వ్రాసినట్లు చెప్పే రవ్వలకొండ ఈ ఊరి దాపుననే వున్నాయి. ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల యింట పుట్టినవాడు. బ్రహ్మంగారి కథ ఎక్కడ చెప్పినా సిద్ధయ్య లేకుండా ముందుకు సాగదు. ఆ రాత్రి ఒక విద్యార్థి మేనమామగారి యింట భోజనం చేస్తుండగా వారి నాయనమ్మ బ్రహ్మంగారి కథను దక్కనీలో చెప్పింది. పద్యం వచ్చిన చోట మాత్రం తెలుగులోకి మారి, పద్యం కాగానే మళ్ళీ దక్కనీలోకి వచ్చింది. ఆమెకు అక్షరం రాదు. యాగంటికి పోవలెనని పిల్లలు పట్టుబట్టారు గాని కాలం చాలలేదు.

రెండవ రోజు కోవెలకుంట్ల దారిలో తుమ్మముల్లు దిగి వరుసగా రెండు ట్యూబులు పోయాయి. గాలికొట్టే అంగడివాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెతుకుతూ, ఆ ఊరి వానలను గూర్చి, ధరలను గూర్చి గంటసేపు చెప్పాడు. కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. 2019లో వచ్చిన చలనచిత్రం వలన పిల్లలకు ఆ పేరు సుపరిచితం. 1846 తిరుగుబాటుకు ముందున్న తగవు తవర్జీ గురించి, ఇనాము భూముల గురించి అని మాత్రం తెలియదు. తవర్జీ అంటే కుంఫిణీ ప్రభుత్వం పాత పాళెగాండ్ర కుటుంబాలకిచ్చే భరణం.

ఊరు దాటి ఆళ్ళగడ్డ దారి పట్టగా కుందేరు మళ్ళీ ఎదురైంది. రెండువైపులా అంతులేని నల్లరేగడి. శనగ పూతమీద వుంది. తూర్పున నల్లమల నీలపు గీతలాగా కనిపిస్తున్నది. గట్టుమీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని కేకవేసి పిలిచాడు.

"యాడ్నుంచి వస్తాండారప్పా? బస్సులుండగా ఈ యాతన యాల?"

సంగతి చెప్పి, నీళ్ళు అడిగి తాగి, అక్కడే కూర్చున్నాము. నేను తెలుగు చెబుతానని విని ఆయన ఆశ్చర్యపడనూ లేదు, మెచ్చుకోనూ లేదు. "మంచిది సామీ" అని తన చేను గురించి మొదలుపెట్టాడు. ఈ నేలలో ఖరీఫు వేయరట. వానకు తడవనిచ్చి, రబీకి శనగ చల్లుతారట. అల్లంత దూరాన హద్దురాయి దాకా తనదేనట. పసలీ దాటకముందే పాసుపుస్తకం సరిచేయించుకోవాలట. మా ఉర్దూ విద్యార్థి తల ఎత్తాడు. ఖరీఫంటే శరత్తు, రబీ అంటే వసంతం. హద్, ఫసల్ వాడు చిన్ననాడే చదువుకొన్న మాటలు. "రైతు?" అని నావైపు చూశాడు. అదీ అరబ్బీ 'రఇయ్యత్' నుండి వచ్చినదేనని చెప్పాను. వ్యాకరణంలో మేము వీటిని అన్యదేశ్యాలని పాఠం చెబుతాము. ఆ చేనుగట్టు మీద ఆ పేరు నా నోటికి రాలేదు. ఆ మాటలు తీసివేస్తే పెద్దాయనకు తన పొలం గురించి చెప్పుకోవడానికి భాష చాలదు. పోనీ అవి మాత్రమే వుంటే చాలునా? సాలు, గుంటక, గొర్రు, పదును, మడవ అని ఆయన చెబుతూ పోతుంటే పిల్లవాడు పుస్తకం తీసి వ్రాసుకోవడం ప్రారంభించాడు. వత్తులు తప్పుతున్నాయి. నేను దిద్దలేదు.

మూడవ రోజు ఆళ్ళగడ్డ నుండి శిరివెళ్ళ మీదుగా తిరుగుప్రయాణం. జాతీయ రహదారి మీద లారీల గాలికే సైకిలు ఊగిపోతుంది. ఎదురుగాలి కూడా తోడైంది. వీలైన చోటల్లా పక్కదారులలో దిగి కె.సి. కాలువ గట్టు పట్టుకొన్నాము. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరే ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పడవలు కూడా నడిపే ఉద్దేశంతో తవ్వించింది. లాభం రాక చివరకు 1882లో ప్రభుత్వపరమైంది. పడవల సంగతి ఏమైనా, నేడు మనం తినే సోనా బియ్యానికి ఆ నీరే ఆధారం. కాలువలో నీరు సగానికి తగ్గి వుంది. ఒక తూము దగ్గర లస్కరు చెక్క తలుపులు సరిచేస్తున్నాడు. నీటి పంపకం ఇతని చేతిలో వుంటుంది గనుక రైతులందరూ ఇతనితో మర్యాదగా మాట్లాడతారని పిల్లలకు చెబుతున్నాను.

"లష్కరంటే సైన్యం గదా సార్, ఈయన ఒక్కడే వున్నాడే?" అన్నాడు వాడు.

లస్కరుతో సహా అందరం నవ్వాము. ఉర్దూ అనే మాటకు కూడా మొదట సేనల విడిది అనే అర్థమని చెప్పాను. "ఒక్కడినే అయినా సైన్యం పని చేయిస్తారప్పా" అని లస్కరు తన కష్టాలు ఏకరువు పెట్టాడు. పై ఊళ్ళవాళ్ళు రాత్రివేళ తూములు ఎత్తుకొంటారట. కింది ఊళ్ళవాళ్ళు వచ్చి తనను తిడతారట.

పొద్దు గుంకే వేళకు నంద్యాల చేరాము. ఒకనికి అరచేతులు బొబ్బలెక్కాయి. నా సైకిలు వెనుక చక్రంలో రెండు పుల్లలు విరిగాయి.

కళాశాల తెరచిన మరునాడు ఆ విద్యార్థి తన పుస్తకం తెచ్చి చూపించాడు. ఎడమవైపు చేలలో విన్న మాటలు, కుడివైపు ఇంటిలో వాడే మాటలు. 'మడవ'కు ఎదురుగా కూడా 'మడవ' అనే వుంది. ఇదేమని అడిగాను. "అమ్మను అడిగాను సార్. మా తాతగారికి పొలం వుండేదట. ఆమె కూడా మడవే అంటుంది, వేరే మాట లేదంటుంది" అన్నాడు. దరఖాస్తు సంగతి నేను అడుగలేదు. గడువు ఇంకా వుంది. వచ్చే సెలవులలో కుందేరు పెన్నలో కలిసే చోటి దాకా పోవచ్చునా, ఎన్ని రోజులు పడుతుందని మాత్రం వాడు అడిగాడు.