మామ బైనాక్యులర్స్

దొరవారిసత్రం దగ్గర హైవే దిగి నేలపట్టు వైపు తిరగ్గానే అత్తయ్య కారు అద్దం దించింది. పక్షుల రెట్ట వాసన గుప్పుమంది. "ఈ వాసన తగిలితే చాలు, మీ మామ బండి ఆపకముందే దిగేవాడు" అంది.

మామ పోయాక ఇదే మొదటి జనవరి. ఏటా కనుమ వెళ్లిన మర్నాడు ఇంటిల్లిపాదినీ ఇక్కడికి లాక్కొచ్చేవాడు. ఈసారి అత్తయ్యే "పోదాం పదండి" అంటూ పులిహోర కలిపింది.

పిట్టల పిచ్చి ఉన్నవాళ్లు ఒంటరిగా తిరుగుతారంటారు. మామకు ఒంటరిగా తిరగడం చేతకాదు. మైపాడు సముద్రానికైనా, శ్రీహరికోట దారిలో రాజహంసల దగ్గరికైనా వెనక ఐదారుగురు ఉండాల్సిందే. ఓసారి ఇక్కడే మా చెల్లెలు పసిపిల్లగా ఉన్నప్పుడు గుక్కపెట్టి ఏడిస్తే, ఫొటోలు తీసుకునే ఒకాయన పిట్టలు బెదురుతాయని విసుక్కున్నాడు. "వాటికీ పిల్లలున్నాయి లెండి సార్, ఏమనుకోవు" అన్నాడు మామ.

చెరువులో నీటి కడప చెట్లు మొల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పైన గూడబాతులు, ఆ కింద నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. గూడు ఇక్కడే అయినా మేత కోసం ఇవి పులికాట్ దాకా పోతాయి. "ఇల్లొకచోట, ఉద్యోగమొకచోట, మన మాదిరే" అనేవాడు మామ.

1976లో దీన్ని అభయారణ్యం చేశారు. మామ లెక్కలో మాత్రం అసలు కాపలా రెట్టదే. అది కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. పైరుకు మేలు చేసే పిట్టను ఏ రైతు కొడతాడు? 2022లో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, మామ నోట చివరిదాకా ఇవి నెల్లూరు పిట్టలే.

వాచ్ టవర్ ఎక్కాక అత్తయ్య సంచిలోంచి ఆయన బైనాక్యులర్స్ తీసింది. అసలు పటకా ఎప్పుడో తెగిపోతే, మా బావ స్కూలు బ్యాగు పట్టీ కోసి ఆమే కుట్టిచ్చింది. నీలం దారం ఇంకా గట్టిగానే ఉంది. కళ్లకు పెట్టుకుంటే అంతా మసక. మామ చూపుకు సరిపెట్టుకున్నది కదా. చక్రం మీద వేలు పెట్టాను.

"తిప్పబాకు" అంది అత్తయ్య.

నేను చేయి తీసేశాను. ఆమె తీసుకుని చాలాసేపు అలాగే చూసింది.

"తెల్లగా ఏందో కదలతా ఉంది. ఏం చేస్తా ఉందో చెప్పు."

ఉత్త కళ్లతోనే చూసి చెప్పాను. గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి మెడదాకా తల దూర్చి తింటా ఉంది, రెక్కలు టపటపా కొట్టుకుంటా.

"మీ మామైతే" అంది కళ్ల మీది బైనాక్యులర్స్ దించకుండానే, "అది తినేది ఏం చేపో కూడా చెప్పేవాడు."