దాచినకొద్దీ మారే టీ

టీ పొడి ప్యాకెట్ మీద తేదీ చూసి కొనే అలవాటు మనది. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే నాలుగు రోజులకే వాసన పోయిందని ఇంట్లో గొడవ. అలాంటిది ఎవరైనా “ఇరవై ఏళ్ల నాటి టీ ఉంది, తాగుతారా?” అని అడిగితే ముందు అనుమానమే వస్తుంది కదండీ. ఆ అనుమానం తీర్చాలనే ఇవాళ పూఅర్ టీ కబుర్లు మొదలుపెట్టాను. నాకు ప్రాణమైన విషయం, కాస్త ఓపిగ్గా వినాలి మరి.

చైనాకు నైరుతి మూలన యున్నాన్ రాష్ట్రం ఉంది. బర్మా, లావోస్, వియత్నాం దాని పొరుగువాళ్లు. అక్కడి షీష్వాంగ్‌బన్నా, పూఅర్, లింత్సాంగ్ కొండలు ఈ టీకి పుట్టిల్లు. నీలగిరుల్లో మనం చూసే నడుమెత్తు పొదలను మనసులోంచి తీసేయండి. ఇవి చెట్లు. కత్తిరించకుండా వదిలేస్తే ఇంటి కప్పు దాటిపోయే పెద్దాకు రకం. మన అస్సాం టీదీ ఇదే జాతి. జింగ్‌మాయ్ కొండ మీద బులాంగ్, దాయ్ ప్రజలు అడవి నీడలోనే తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన టీ తోపులను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కోసిన ఆకును కాసేపు వాడనిచ్చి పెద్ద ఇనుప మూకుడులో వేయిస్తారు. అసలు కిటుకు అక్కడే ఉంది. గ్రీన్ టీకైతే ఆకు లోపలి మార్పులన్నీ ఆగిపోయేంత వేడి తగలాలి. పూఅర్‌కు అంత వేడి పెట్టరు. తర్వాత నలిపి ఎండలో ఆరబోస్తారు. అలా ఆరిన ఆకులో ఇంకా కొంత చలనం మిగిలి ఉంటుంది. ఆవిరి పట్టి, మెత్తబడ్డాక గుడ్డసంచిలో పోసి, బరువైన రాతి దిమ్మ కింద అదిమితే గుండ్రటి బిళ్ల తయారవుతుంది. మామూలు బిళ్ల 357 గ్రాములు. అలాంటివి ఏడు పేర్చి వెదురు పొరలో చుట్టి కడతారు. కట్ట మొత్తం రెండున్నర కిలోలు. ఒకప్పుడు గుర్రాల మీద, కంచరగాడిదల మీద టిబెట్ దాకా కొండదారుల్లో మోసుకెళ్లిన సరుకు కాబట్టి గట్టిగా అదమడం, గట్టిగా కట్టడం అలవాటైంది.

మన దేశంలోనూ దీనికి దగ్గర చుట్టం ఒకటుంది. అస్సాం, అరుణాచల్ ప్రాంతాల సింగ్‌ఫో ప్రజలు వేయించి ఎండబెట్టిన ఆకును వెదురు గొట్టంలో కూరి, పొయ్యి పైన పొగ తగిలేలా ఉంచి, ఏళ్ల తరబడి దాచుకుంటారు. దాన్ని ఫలాప్ అంటారు. దొరికితే వదలకండి.

పూఅర్‌లో రెండు రకాలున్నాయి. పచ్చిది షెంగ్, ముగ్గబెట్టింది షౌ. షెంగ్ తనంతట తాను మెల్లగా పండుతుంది, పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో పడుతుంది. హాంకాంగ్ టీ అంగళ్లలో నల్లగా, మెత్తగా ఉండే పాత టీకి గిరాకీ పెరిగింది. అన్నేళ్లు ఆగేదెవరు? 1973 ప్రాంతంలో కున్‌మింగ్ ఫ్యాక్టరీ వాళ్లు ఆకును గుట్టలుగా పోసి, నీళ్లు చల్లి, పట్టా కప్పి, నెలన్నర రెండు నెలల్లో ముగ్గబెట్టే పద్ధతికి రూపమిచ్చారు. అదే షౌ. కొత్తవాళ్లకు షౌ బాగుంటుంది, గొంతు పట్టదు, కడుపును ఇబ్బంది పెట్టదు. నా ఓటు మాత్రం షెంగ్‌కే. షౌ ఫ్యాక్టరీ నుంచి దాదాపు తయారై వస్తుంది. షెంగ్‌లో సగం పని దాచేవాడి చేతికి వదిలేస్తారు.

పాత సేకరణదారులు బిళ్లల గురించి మాట్లాడుకునేటప్పుడు వింటే అంకెలు దొర్లుతుంటాయి. 7542 అంటారు. మొదటి రెండంకెలు ఆ మిశ్రమం పుట్టిన ఏడాది, అంటే 1975. నాలుగు ఆకు తరగతి. చివర ఉన్న 2 అంకె మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ గుర్తు. బిళ్ల తయారైన ఏడాదిని ఈ అంకె చెప్పదు, కొనేటప్పుడు జాగ్రత్త. 1980ల చివర, 90ల మొదట్లో చేసిన 7542 బిళ్లలు కొన్ని హాంకాంగ్‌లో ఒక వ్యాపారి కొని, తేమ తక్కువున్న గదిలో దాచాడు. ఆ ఊళ్లో అప్పటికి ఉన్న ఆచారం వేరు. చెమ్మ నిండిన గోదాముల్లో పెట్టి టీని త్వరగా నల్లబరచేవాళ్లు. ఈయన పొడిగా దాచిన టీ నిదానంగా పండి, సువాసన పోగొట్టుకోకుండా బయటికొచ్చింది. ఇవాళ 88 చింగ్ అనే పేరుతో దాన్ని తలుచుకోని పూఅర్ ప్రియుడు ఉండడు. ఆకూ అదే, మిశ్రమమూ అదే. గది మారేసరికి టీ మారిపోయింది. అందుకే పాత టీ ఎవరైనా చూపిస్తే ఏ కొండదని అడిగే ముందు ఇన్నాళ్లూ ఏ ఊళ్లో ఉందని అడుగుతాను. కున్‌మింగ్ చల్లటి పొడిగాలిలో ఉన్నది నత్తనడకన మారుతుంది. మలేషియా ఉక్కలో ఉన్నది పరుగెడుతుంది.

మరి మన ఇళ్లలో? తేమ 60 నుంచి 70 శాతం మధ్య, వేడి 20 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటే టీకి హాయి. హైదరాబాద్, అనంతపురం ఎండాకాలాల్లో గాలి ఎండిపోయి టీ నిద్రపోతుంది. అక్కడ మూతున్న మట్టి జాడీయో, తేమను నిలిపే పొట్లం వేసిన డబ్బాయో కావాలి. విశాఖ, కాకినాడల్లో వానాకాలం బూజు భయం. గోడకు ఆనించకుండా, నేల మీద పెట్టకుండా, నెలకోసారి విప్పి చూసుకోవాలి. తేమ కొలిచే చిన్న మీటరొకటి లోపల పడేస్తే ఊహలతో పనిలేదు. అన్నిటికంటే పెద్ద శత్రువు వాసన. వంటింట్లో ఇంగువ పోపు, దేవుడి గదిలో అగరొత్తులు, బీరువాలో కలరా ఉండలు, ఏదైనా సరే, టీ పీల్చేసుకుని జన్మలో వదలదు. ఎండ తగలకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. షెంగ్, షౌ రెండూ ఒకే డబ్బాలో వద్దు.

ఇక రుచి. సన్నటి మొనతేలిన సూదితో అంచు నుంచి పొరపొరగా లేపాలి, ఆకు విరగకూడదు. మూత ఉన్న చిన్న పింగాణీ కప్పు, గైవాన్ అంటారు, నూరు మిల్లీలీటర్లదైతే ఏడు గ్రాములు వేయండి. మరిగే నీళ్లు పోసి వెంటనే పారబోయండి, అది కడుగు. తర్వాత పది సెకన్లకే వంచేయాలి. అదే ఆకు పదిసార్లు దాకా రుచినిస్తుంది, ప్రతిసారీ కాస్త ఎక్కువసేపు ఉంచుతూ పోతే చాలు. పాలు, పంచదార ఊసే ఎత్తకండి. లేత షెంగ్ మొదటి గుక్కకు చేదు, వగరు. ఓ నిమిషం ఆగండి. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగినట్టు గొంతులోంచి తీపి పైకి వస్తుంది. చైనావాళ్లు దాన్ని హుయ్‌గాన్ అంటారు. పండిన షెంగ్‌లో ఆ వగరు సర్దుకుని, రంగు రాగి ఛాయకు తిరిగి, కర్పూరం, పాత దేవదారు పెట్టె లాంటి వాసనలు లేస్తాయి. లేత షెంగ్ పరగడుపున మాత్రం తాగకండి.

కొనేటప్పుడు ఒక్క మాట పట్టించుకోండి. 2007లో పూఅర్ ధరలు ఆకాశానికెక్కి, అదే ఏడాది కుప్పకూలాయి. రుచి చూడకుండా కట్టలు కట్టలు పెట్టుబడిగా దాచినవాళ్లు దెబ్బతిన్నారు. లావో బన్‌జాంగ్ లాంటి పేరున్న ఊళ్ల పేరుతో బజారుకొచ్చే టీ ఆ ఊళ్ల చెట్లు ఇవ్వగలిగిన దానికంటే చాలా ఎక్కువ. పైకాగితం చూసి డబ్బివ్వకండి. ముందు పాతిక గ్రాముల ముక్క తెప్పించుకుని వారం రోజులు తాగండి, నచ్చితేనే బిళ్ల కొనండి. అమ్ముకోవడానికి టీ దాచే పని నాకు సుతరామూ నచ్చదు. తాగని టీ గురించి మనకేం తెలుస్తుంది?

నచ్చిన బిళ్లలు రెండు తీసుకోండి. ఒకటి ఇప్పుడు తాగడానికి, ఒకటి దాచడానికి. దాచినదాన్నుంచి ఏటా ఒకసారి, వానలు తగ్గాక, ఏడు గ్రాములు తీసి అదే కప్పులో, అదే కొలతతో కాచి, ఎలా ఉందో పైకాగితం మీద రాసుకోండి. పెన్సిలుతోనే రాయాలి సుమా, మార్కర్ వాసన కాగితం దాటి లోపలికి పోతుంది.