అమ్మ తోలుసంచి



ఇత్తడిబిందెను చింతపండుతో తోముటయు, పట్టుచీరను మడతలు మార్చి నీడను ఆరవేయుటయు, ఆవకాయజాడీకి వాసెన గట్టుటయు మనకు మన తల్లులు నేర్పిరి. తోలుసంచిని ఎట్లు కాపాడుకొనవలెనో మాత్రము ఎవ్వరును నేర్పినట్లు లేదు. అందుకు కారణము మన యిండ్లలోనే యున్నది. చెప్పుటకు కొంచెము సంకోచముగనే యున్నను మా యింటి సంగతితోనే మొదలుపెట్టెదను.

మా అమ్మ 1968వ సంవత్సరమున కాకినాడలో ఒక బాలికల పాఠశాలయందు ఉపాధ్యాయినిగా చేరినది. తొలిజీతముతో ఆమె కొనుక్కొన్నది నగ గాదు, చీర గాదు, ముదురు గోధుమవన్నె తోలుసంచి. లోపల రెండు అరలు, పైన ఇత్తడి బకిలీ, భుజమునకు తగిలించుకొనుటకు పొడవైన పట్టీ. దిద్దవలసిన కాగితములు, టిఫినుడబ్బా, సుద్దముక్కలు, నా చిన్నతనమున నాకై తెచ్చెడి జీళ్ళపొట్లము, అన్నియు అందులోనే. అది యింటికి వచ్చిననాడు మా నాయనమ్మ, "అది చర్మం కదే అమ్మాయీ, గడప లోపలికి తేకు" అన్నదట. మా అమ్మ మారుపలుకక వీధివసారాలో చూరుక్రింద గోడమేకునకు దానిని తగిలించినది. అది మొదలు 2001లో ఉద్యోగవిరమణ చేయువరకు, 33 ఏండ్లు, ఆ సంచి ఏనాడును గడప దాటి లోనికి రాలేదు.

ఇక నా సంగతి. 2003లో మావారు కలకత్తానుండి పూలచెక్కడము గల తోలుసంచి యొకటి తెచ్చి యిచ్చిరి. వాడినచో మాసిపోవునని దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూతి బిగించి కట్టి, ఇనుపబీరువాలో పట్టుచీరల అడుగున దాచితిని. మేముండునది విశాఖపట్టణము. ఆ యేడు వానలు వెళ్ళిన పిదప పెండ్లికి పోవలెనని తీసి చూతును గదా, సంచినిండ తెల్లని బూజు! చెక్కిన పూలరేకులలో ఆకుపచ్చని మచ్చలు, తెరచినంతనే ముక్కు మండించు వాసన. ఒక్కసారియైనను భుజమునకు ఎక్కని సంచి యది. దానిని పట్టుకొని పుట్టినింటికి పోయి చూపగా అమ్మ పకపక నవ్వి, "మీ నాయనమ్మ మడే నా సంచిని బతికించిందే" అన్నది.

ఆ మాటలోని నిజము నాకు తరువాత తెలిసినది. గాలిలోని తేమ నూటికి 65, 70 పాళ్ళు దాటి నిలిచినచో తోలునకు బూజు పట్టును. మన సముద్రతీరమున వానకాలములో 80 పాళ్ళు దాటుట సామాన్యము. ప్లాస్టిక్ సంచి వెలుపలి తేమను ఆపునని మనమనుకొందుము. చుట్టినపుడు లోపల చిక్కుకొన్న తేమను బయటికి పోనీయకుండునదియు ఆ సంచియే. చూరుక్రింద నాలుగువైపుల గాలియు, ఎండ సోకని నీడయు ఉండెను. పైగా ఆ సంచి దినదినమును మనిషి చేతిలో మెదలుచుండెను. అంటరాదని వెలివేసిన చోటే దానికి ఆరోగ్యస్థానమైనది.

అయినను ఆ మేకు చేసిన కీడు లేకపోలేదు. అది ఇనుపమేకు. ఒక వానకాలమున తుప్పు తగిలినచోట పట్టీపై సిరా ఒలికినట్లు నల్లని మచ్చ పడెను. పాఠశాల ప్రక్క రావిచెట్టుక్రింద చెప్పులు కుట్టెడి పెద్దాయన దానిని చూచి, "ఇనుము తగలనివ్వకండి పంతులమ్మగారూ, కరక్కాయ తోలుకి ఇనుము పడదు" అని చెప్పెనట. పచ్చితోలును పదను చేయుటకు మన దక్షిణదేశమున పూర్వమునుండి తంగేడుపట్టను, కరక్కాయను వాడుచు వచ్చిరి. బతుకమ్మలో పేర్చు పూలనిచ్చు ఆ తంగేడే! దాని పట్టలోని వగరు తోలును కుళ్ళనీయక గట్టిపరచును. ఆ వగరునకు ఇనుము తగిలినచో నలుపెక్కును. శ్రీకాళహస్తి కలంకారీవారు గుడ్డను కరక్కాయరసములో తడిపి ఆరవేసి, ఇనుపముక్కలు బెల్లపునీట నానవేసిన కసిమితో నల్లగీతలు గీయుటయు ఈ గుణమువలననే. మా అమ్మ ఏండ్లతరబడి కలంకారీ దుప్పటిపై పండుకొన్నను ఈ సంబంధము ఆమెకు తోచలేదట. చెట్టుక్రింది పెద్దాయన చెప్పవలసివచ్చినది. నేడు అంగళ్ళలో దొరకు తోలులో అధికభాగము క్రోమియం లవణములతో పదను చేసినది. దాని కీ నలుపుభయము లేదు గాని, బూజు దానికిని పట్టును.

పట్టీ మేకునకు వ్రేలాడి సాగిపోవుటయు ఆయనయే చూపెను. అంతట మేకు పెరికించి, అదే చోట కొయ్యబల్ల కొట్టించి సంచిని దానిపై కూర్చుండబెట్టిరి. కొన్నాళ్ళకు పట్టీ మొదట తెగినది. ఆయన ఆరెతో రంధ్రములు పొడిచి, మైనము రాచిన దారమును ఇరువైపులనుండి లాగి ఒక్కొక్క కుట్టే బిగించుచుండగా నేను మెట్లపై కూర్చుండి చూచితిని. నాకప్పుడు ఎనిమిదేండ్లు. ఆయన కూర్చున్నది మెట్లక్రింద, మట్టిలో. దాహమడుగగా నాయనమ్మ చెంబు పైకెత్తి పోసినది, ఆయన దోసిలిపట్టి త్రాగెను. అమ్మ గుమ్మములో నిలిచి చూచుచుండెను. ముసలితనమున ఆమె నాతో ఒకటికి రెండుమార్లు, "సంచికోసం నోరెత్తలేదు, సరే. ఆ మనిషికోసం ఎత్తవలసింది" అన్నది. తోలును గూర్చి మనకెవ్వరును నేర్పలేదంటిని గదా! తెలిసినవారిని గడపకావల నిలిపితిమి, ఇంక నేర్పువారెవ్వరు?

బూజుపట్టిన నా సంచిని అమ్మయే దగ్గరుండి బాగుచేయించినది. ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఇంట గాక పెరటిలో, మెత్తని పొడికుంచెతో బూజు దులుపవలెను; లోపల దులిపినచో అది బీరువాలోని తక్కిన వస్తువులకెక్కును. పిదప తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నోరు తెరచి, నీడను రెండుమూడు దినములు గాలికుంచవలెను. ఎండలో మాత్రము పెట్టరాదు. అప్పడములకును వడియములకును మేలుచేయు ఎండ తోలునకు శత్రువు; లోని చమురింకి తోలు బిరుసెక్కి పగులును. వానలో తడిసిన సంచికిని ఇదే మార్గము. కడుపులో తెల్లకాగితములు ఉండలుచుట్టి పెట్టి, అవి చెమ్మగిల్లినపుడు మార్చుచుండవలెను. వార్తాపత్రిక వలదు, దాని సిరా లోపలి గుడ్డ కంటును.

ఇంతవరకు చక్కగా నడచినది. ఆమీద నా తెలివి చూపితిని. తోలు ఎండినట్లు కనబడగా, జుట్టునకు మంచిదైనది తోలునకు మాత్రము కాదాయని కొబ్బరినూనె దట్టముగా పట్టించితిని. తెల్లవారునప్పటికి సంచి ముఖమున నల్లని జిడ్డుమచ్చలు; వారమునకు వానిపై వీధిదుమ్మంతయు అంటుకొన్నది. ఆ మచ్చలు నేటికిని పోలేదు. తోలునకై చేసిన మైనపుక్రీమును శనగగింజంత మెత్తనిగుడ్డపై తీసికొని, ముందుగా కనబడనిచోట పరీక్షించి, పలుచగా రాచి, తరువాత పొడిగుడ్డతో తుడిచినచో చాలును. మా యూరి గాలికి వానలకు ముందొకసారి, వెనుకొకసారి సరిపోవుచున్నది.

ఇత్తడి బకిలీపై ఆకుపచ్చని చిలుము చేరినపుడు చింతపండు చేతికి రానీయకుడు! ఆ పులుసు తోలునకు దిగి మరక చేయును. పుల్లతో గీకి, పొడిగుడ్డతో రుద్దినచో పోవును. 2020లో కరోనా భయమున మా అమ్మాయి తన సంచిని దినమునకు రెండుమార్లు శానిటైజరుతో తుడిచి, నెలలోపల దాని వన్నె యంతయు తెల్లబరచినది. సారాయము తోలుపై మెరుగును కరగించునని అప్పుడు తెలిసికొంటిమి.

తోలనుకొని రెక్సిను వంటివి కొని పోషించువారిని చూచిన నాకు జాలి కలుగును. తెగిన అంచును చూడుడు: పొరక్రింద గుడ్డ యల్లిక కనబడినచో అది తోలు గాదు. అట్టి సంచులలో పాలీయురిథేన్ పూత గలవి వాడినను, దాచినను, కొన్నేండ్లకు తేమవలన పొలుసులుగా ఊడును. వానికి ఏ క్రీమును పనిచేయదు.

అమ్మ 2019లో కాలధర్మము నొందినది. ఆమె సంచి నాయొద్దనున్నది. ఇంట ఎల్లప్పుడును గాలియాడు గదిలో, తెరపిబల్లపై, నూలుగుడ్డసంచిలో పెట్టితిని. రెండేండ్లుగా లోపలి అర అంచును తాకినచో వ్రేలికి ఎఱ్ఱనిపొడి అంటుచున్నది. కరక్కాయ, తంగేడు వంటివానితో పదనైన పాతతోలు గాలిలోని గంధకపుపొగలను పీల్చి ఇట్లు పొడియగుట కలదట; ఒకసారి పొడియైనది మరల తోలు కాదు, నూనె రాచినచో ఇంకను నల్లబడును. కావున దానిని బరువునకు వాడుట మానితిని.

ఈ యేడు మృగశిరకు ముందు తీసి తుడుచుచుండగా అమ్మాయి ఆ పట్టీ చూచి, ఈ కుట్టెవరు వేసిరమ్మాయని యడిగినది. పెద్దాయన పేరు నాకు తెలియదు. మా యింట ఎవ్వరును అడుగలేదు. ఆయన కుట్టిన కుట్టులలో ఒక్కటియు ఇంతవరకు ఊడలేదు.